అరగంటలో తోట

"ఆ గులాబీలు కూడా పీకేయమంటారా?" మొక్కల మామయ్య మరోసారి అడిగాడు.

"వేళ్లతో సహా," అంది ఆమె.

టీవీలో తోటల కార్యక్రమం నడిపే ఈ మామయ్యకు ఇలాంటి ఇల్లాలు ఇంతవరకు తగల్లేదు. పెరడు మార్చమని పిలిచినవాళ్లే చివరి నిమిషంలో ఏదో ఒక కుండీని కావలించుకుని, ఇది మాత్రం ఉంచండి బాబూ అని బతిమాలతారు. ఈమె నడుం బిగించి, గునపం ఎక్కడ వెయ్యాలో తనే చూపిస్తోంది.

"మీవారికి బాగా ఇష్టమైనదేదో చెప్పండి. ముందు దాని మీద కెమెరా పెడతాం. పాతది పోతేనే కదమ్మా కొత్తదాని విలువ తెలిసేది!"

"అన్నీ ఇష్టమే. ఆ మూలనున్నది మాత్రం ప్రాణం. అంటు మీద అంటు కట్టి, ఆ ఒక్క రంగు కోసం ఏళ్ల తరబడి కాచుకు కూచున్నారు. మొన్న మొన్ననే పూసింది."

"అబ్బ, ఎంత ఓపికండీ!"

"మొక్కల దగ్గర ఉందిలెండి ఆ ఓపిక."

గునపం దిగింది. ఆమె రెప్ప వెయ్యలేదు. కడుపులో ఏడాదిగా రగులుతున్న మంట కాస్త చల్లబడినట్టయింది.

ఏడాది కిందట ఇదే కార్యక్రమం ఆమె పుట్టింటి పెరట్లో దిగింది. పేరిచ్చింది అల్లుడు. అత్తగారిని ఆశ్చర్యపరుద్దామనుకున్నాడట. పెళ్లానికి మాటమాత్రమైనా చెప్పలేదు. తను తెర ముందుకూ రాలేదు. కారు పంపి అత్తగారిని కంటి డాక్టరు దగ్గరకు తరలించాడు.

అమ్మ తిరిగొచ్చేసరికి నాన్న నాటిన నిమ్మచెట్టు లేదు. దాని చోట గులకరాళ్లు, ప్లాస్టిక్ పచ్చిక, విరగబూసిన కొత్త మొక్కలు. అమ్మ ఉన్నచోటనే కూలబడి ఏడ్చింది. తెర మీద 'ఆనందబాష్పాలు' అని అక్షరాలు పడ్డాయి. ఊరూవాడా ఆ ఏడుపును మళ్లీ మళ్లీ వేసుకుని చూశాయి.

పాపం, అమ్మ కూడా ఒకప్పుడు ఆ కార్యక్రమం చూసేది. నిమ్మకు ఆకుముడత ఎందుకొస్తుందో చెబుతారేమోనని ఎన్నో వారాలు కూచుంది. అదొక్కటి తప్ప అన్నీ చెప్పారు.

ఇంతకీ ఆ కొత్త మొక్కలు నాటినవి కావు. కుండీలతో సహా మట్టిలోకి దించి, పైన నాలుగు గుప్పిళ్ల మట్టి చల్లినవి. షూటింగ్ కాగానే నర్సరీవాళ్లు వచ్చి, అద్దె సామాన్లలాగా బండికెత్తుకుని పోయారు. గోతులు, గులకరాళ్లు మిగిలాయి. ఆ రోజు మూసిన పెరటి తలుపు అమ్మ మళ్లీ తియ్యలేదు. నాన్న పోయినప్పుడు కూడా ఇంత మూగగా లేదు.

అల్లుడు మాత్రం ఆ వారమంతా మీసం మెలేస్తూ తిరిగాడు.

ఆమె ఊరుకోలేదు. ఛానెల్ పెద్దతోనే నేరుగా తగువు పెట్టుకుంది. ఆయన అంతా విని, తాపీగా చెయ్యి తుడుచుకుంటూ, "చూసేవాళ్లకి ఏం కావాలో నాకు తెలుసు. మొక్క ఎదిగేదాకా ఎవడు కూచుంటాడు? అరగంటలో తోట లేవాలి, ఆఖర్న ఎవరో ఒకరు ఏడవాలి. అంతే," అన్నాడు. అమ్మకు ఒక్క క్షమాపణ చెప్పమంటే పకపకా నవ్వాడు.

ఆ నవ్వు ఆమెకు నిద్రలో కూడా వినబడేది. దానికి బదులు తీర్చుకోకపోతే తను ఆ అమ్మ కూతురే కాదనుకుంది.

మొక్కల మామయ్యకు ఫోన్ చేసింది. "మావారికి మీ కార్యక్రమం పంచప్రాణాలండీ. ఎక్కడున్నా ఆ వేళకి ఇంటికొచ్చి టీవీ ముందు కూచోవాల్సిందే," అంది. అందులో అబద్ధం ఒక్క ముక్క లేదు. మామయ్య ఉబ్బితబ్బిబ్బయ్యాడు. ఏడాదికోసారి చేసే ప్రత్యక్ష ప్రసారానికి ఈ ఇంటినే ఖాయం చేశాడు. ప్రత్యక్ష ప్రసారమంటే తర్వాత కత్తిరించేందుకు వీలుండదు. ఆమెకు కావలసిందీ అదే.

పొద్దున మొగుడి కారు మలుపు తిరగ్గానే గేటుకున్న పేరుపలక విప్పేసింది. వచ్చిన బండ్లన్నీ వెనక సందులో పెట్టించింది. మంచినీళ్లు, టీలు బయటికే తెచ్చిచ్చింది గానీ ఒక్కరినీ గుమ్మం తొక్కనివ్వలేదు.

"కనీసం మీవారి ఫొటో అయినా చూపించండమ్మా," అన్నాడు మామయ్య.

"ముందే చూస్తే మజా ఏముందండీ? అందరితోపాటే మీరూ చూద్దురుగాని."

సాయంత్రానికి అంతా సిద్ధమైంది. గులకరాళ్లు పరిచారు. ప్లాస్టిక్ పచ్చిక అతికించారు. కుండీలు దించి మట్టి చల్లారు. గులాబీలు సందులోని చెత్తబండిలో తలలు వేలాడేశాయి.

ఆమె పక్కకెళ్లి అమ్మకు ఫోన్ చేసింది. "టీవీ పెట్టమ్మా."

"ఆ దిక్కుమాలినదాన్ని నేను చూడనే."

"ఈ ఒక్కసారికి చూడు. నా మీద ఒట్టు."

వీధి వైపు కారు ఆగిన చప్పుడైంది. ఆయనకు ఇంటికి రాగానే గులాబీలను చూసుకోనిదే కాలు నిలవదు. కెమెరాలు పెరటి తలుపు వైపు తిరిగాయి. మామయ్య జుట్టు సవరించుకుని, మైకు పక్కకు తిప్పి, ఆమె చెవిలో గొణిగాడు.

"ఏడుస్తారంటారా?"

"భోరుమని ఏడుస్తారు. మీరు మాత్రం కెమెరా తిప్పొద్దు."

తలుపు తెరుచుకుంది.

మొక్కల మామయ్య చేతిలోని మైకు జారి కిందపడింది. గులాబీలు లేని పెరడు చూసి ఊరందరి ముందూ ఘొల్లుమంటున్నది సాక్షాత్తూ ఛానెల్ పెద్ద.