ఏడో సంతకం

"పెట్టను హేమా. ఆ కాగితం లోపల పెట్టుకో," అన్నాడు కెప్టెన్ అబ్దుల్లా, కారు స్టార్ట్ చేస్తూ.

హేమ ఒళ్ళో ఫైలు మూయలేదు. పైలట్ల సంఘం రిజిస్టర్ చేయించడానికి రాసుకున్న దరఖాస్తు అది. కనీసం ఏడు సంతకాలుండాలి. ఆరయ్యాయి. వాళ్ళ కంపెనీలో ఉన్నదే నలభై మంది పైలట్లు. అందరిలోకీ పెద్దవాడు అబ్దుల్లా. ఏడో సంతకం ఆయనదైతే మిగతావాళ్ళు కూడా వాళ్ళంతట వాళ్ళే వస్తారని హేమ ఆశ. అందుకే బెంజ్ సర్కిల్ దగ్గర కంపెనీ ఆఫీసు మెట్లు దిగుతున్న మనిషిని పట్టుకుంది. నాలుగింటికి కోపైలట్‌గా ఆమెకి ఫ్లైటుంది. "గన్నవరంలో దింపుతా, ఎక్కు," అన్నాడాయన.

"సార్, మొన్న పొగమంచుకి మనిద్దరం నాలుగ్గంటలు కాక్‌పిట్‌లో కూర్చున్నాం. ఆ నాలుగ్గంటలకీ ఏమిచ్చారు?"

"ఏమీ ఇవ్వలేదు."

"చక్రం కదిలితేనే జీతం! నెలకి డెబ్బై గంటల జీతం గ్యారంటీ అని చెప్పి చేర్చుకున్నారు. ఇప్పుడు నలభై అంటున్నారు. నా ట్రైనింగ్ కోసం మా నాన్న బందరులో పడవ అమ్మేశాడు. అది మళ్ళీ కొనిస్తానని మాటిచ్చాను సార్."

రామవరప్పాడు రింగు దగ్గర లారీల మధ్య కారు ఆగిపోయింది. పైన ఏదో విమానం చప్పుడైంది. ఆయన స్టీరింగ్ మీదికి వంగి, అద్దంలోంచి అది కనుమరుగయ్యేదాకా చూశాడు.

"నేను మొదటిసారి ఇక్కడ దిగినప్పుడు నీకంటే చిన్నవాణ్ణి," అన్నాడు. "పందొమ్మిది సీట్ల విమానం. మా కెప్టెన్‌గారు మ్యాపు లాక్కుని వెనక పడేశారు. 'ఉయ్యూరు షుగర్ ఫ్యాక్టరీ పొగ కనిపిస్తోందా? అది ఎటు వంగిందో చూడు. గాలి ఎటుందో అదే చెబుతుంది' అన్నారు. కింద చెరుకు తోటలు, కాలవలు, మధ్యలో కృష్ణ. ఊళ్ళో పుట్టి పెరిగానే గానీ, నా ఊరు ఇంత పచ్చగా ఉంటుందని అప్పటిదాకా తెలీదు."

హేమకి కోపంగానే ఉంది. అయినా చెవులు అటే పోయాయి. ఆయన పక్క సీట్లో కూర్చుని రెండేళ్ళుగా ఇలాంటివి వింటూనే ఉంది. విమానం దింపడం ఫ్లయింగ్ స్కూల్లో కంటే ఈ కబుర్లలోనే ఎక్కువ నేర్చుకుంది.

"మా అబ్బాజాన్ టైలరు. ఆ రోజు మిషను ఆపేసి, సైకిలేసుకుని గన్నవరం వచ్చాడు. ప్రహరీ బయట నిలబడి, దిగిన ప్రతి విమానానికీ సలాం కొట్టాడట. నాదేదో తెలీదు కదా! అందుకని అన్నిటికీ." గట్టిగా నవ్వాడు. "అన్నీ అంటే ఎన్ని? రెండు."

హేమకీ నవ్వొచ్చింది. ఆపుకుంది.

"మాకూ అప్పట్లో సంఘం ఉండేది. పద్దెనిమిది మందిమి. సమ్మె చేసి లాడ్జిలో ఒకే గదిలో మూడు రోజులు కూర్చున్నాం. ఒక దుప్పటికి ముగ్గురం. పార్సిల్ బిర్యానీ తెప్పించుకుంటే, ముక్కల కోసం కెప్టెన్లూ కోపైలట్లూ కొట్టుకునేవాళ్ళం. రాత్రి పన్నెండింటికి దిగినవాణ్ణి తెల్లారి అయిదింటికి మళ్ళీ ఎక్కించేవాళ్ళు. ఆ పద్ధతి మాన్పించాం. జీతం అడగడానికి వెళ్ళి నిద్ర గెలుచుకొచ్చాం. అంత హాయిగా మళ్ళీ ఎప్పుడూ బతకలేదమ్మా."

"మరి ఇప్పుడేమైంది సార్ మీకు?"

కారు నిడమానూరు దాటింది. విమానాశ్రయం గేటు కనిపించేసరికి హేమ ఇక తట్టుకోలేకపోయింది.

"సంఘం జోలికి రాకపోతే, రిటైరయ్యాక ట్రైనింగ్ ఇచ్చే పోస్టు మీకే ఇస్తామన్నారట. అందరూ అనుకుంటున్నారు. నేను నమ్మలేదు. అబ్దుల్లా సార్ అలాంటివారు కాదని పోట్లాడాను కూడా. అనవసరంగా పోట్లాడాను."

ఆయన కారు పక్కకి తీసి ఆపాడు. ముఖంలో కోపం లేదు. వెనక సీట్లోంచి ఆమె బ్యాగు తీసి చేతికిచ్చాడు.

"లోపల యేసుబాబు నీకోసం కూర్చున్నాడు. ఏడో సంతకం వాడు పెడతాడు."

హేమ తెల్లబోయింది. కెప్టెన్ యేసుబాబు మేనేజరు కనిపిస్తే లేచి నిలబడే మనిషి. "ఆయనా? వారం నుంచి నా ఫోనే ఎత్తడం లేదు!"

"తన పేరు బయటికొస్తుందని భయపడ్డాడు. ఇక రాదని చెప్పాను. ఒప్పుకున్నాడు."

"అంత భయస్థుణ్ణి ఒప్పించారు. మీరు మాత్రం పెట్టరు. ఎందుకు సార్? నాకు అర్థమయ్యేలా చెప్పండి. ఆ ట్రైనింగ్ పోస్టు కోసమేనా?"

అబ్దుల్లా రన్‌వే వైపు చూశాడు.

"ఆ ఏడుగురూ ఉద్యోగంలో ఉన్నవాళ్ళయి ఉండాలి హేమా," అన్నాడు మెల్లగా. "సంఘం పెడుతున్నవాళ్ళ పేర్లు చెప్పమని పొద్దున ఆఫీసుకి పిలిచారు. ఒక్క పేరే చెప్పొచ్చాను, నాది."