వాల్వు మూత

"ఏమల్లుడా, మళ్లీ దిగిందా?"

"దిగింది మామా. అదే చక్రం. ఎనక ఎడమది."

పెనుకొండ దాటీ దాటకముందే అమర్‌నాథ్ తన ఇంటిబండిని హైవే పక్కకు ఆపి, వెనక చక్రం దగ్గర గొంతుక్కూర్చున్నాడు. అక్కడి నుంచి సుయ్యిమని సన్నటి చప్పుడు. పక్కన నిలబడ్డ మామ మారప్ప చూపు తిప్పుకున్నాడు. గాలి ఎందుకు దిగుతోందో తెలిసినవాడు తనొక్కడే.

పాత టెంపోలో మంచం, పొయ్యి, నీళ్ల తొట్టి బిగించి టూరిస్టులకు బాడుగకిస్తుంటాడు అల్లుడు. పొద్దున హిందూపురంలో బయలుదేరే ముందు, కొత్తగా కొన్న గాలిమిషన్ తీసి వీధికంతా చూపించాడు. "పంచర్ షాపు మాటే మర్చిపో మామా. బ్యాటరీకి రెండు క్లిప్పులు తగిలిస్తే అదే కొట్టుకుంటాది."

మారప్పకు చెయ్యి దురద పెట్టింది. పెళ్లిళ్లలో చెప్పులు మార్చినవాడు, వియ్యంకుడి కాఫీలో ఉప్పు కలిపినవాడు, ఈ గొప్పలు విని ఊరుకుంటాడా? ఎవరూ చూడకుండా వాల్వు మూత విప్పి, కందిపప్పు బ్యాడలో సగమంత రాయి అందులో వేసి మళ్లీ బిగించాడు. రాయి లోపలి పుల్లను నొక్కుతుంటే గాలి మెల్లగా పోతుంది. చిన్నప్పుడు బడి అయ్యవారి సైకిలుకు చేసిన పనే. సోమందేపల్లిలో బండి ఆగుతుంది, అల్లుడు మిషన్‌తో తంటాలు పడతాడు, తను పడీపడీ నవ్వి రాయి చూపిస్తాడు. అనుకున్నది అంతే.

సోమందేపల్లిలో బండి ఆగనే ఆగింది. నవ్వడానికి మారప్ప నోరు తెరిచాడో లేదో, కూతురు నాగజ్యోతి బండిలోంచి తల బయట పెట్టింది.

"నాయనా, ఒంటిగంట దాటితే డాక్టరు ధర్మవరంలో ఉండడంట. మళ్లీ వచ్చే నెలే. అత్త అన్నాళ్లు తట్టుకుంటాదా?"

లోపల మంచం మీద మారప్ప పెద్దక్క శంకరమ్మ పడుకుని ఉంది. నడుము పట్టేసి ఆమె కూర్చోలేదు, నిలబడలేదు. బస్సు ఎక్కలేదనే ఈ బండి. ఆ బండికే మారప్ప గాలి తీశాడు. సోడా తాగొస్తానని అంగడి వైపు పారిపోయాడు.

తిరిగొచ్చేసరికి గాలి కొట్టడం అయిపోయింది. నాగజ్యోతి ఫోనులో ఎవరితోనో మాట్లాడుతూ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. శంకరమ్మ తన కొంగు చివర ఏదో ముడి వేసుకుంటోంది.

"ఏం ముడుపు కట్నావక్కా?"

"మొక్కుండాదిలే తమ్ముడా. తీరినాక చెప్తా."

వేళకు చేరాలని అక్క దేవుడికి రూపాయి ముడుపు కడుతోంది. చేరనివ్వకుండా చేసింది తను. మారప్ప మళ్లీ ఆమె ముఖం చూడలేకపోయాడు.

ఇప్పుడు పెనుకొండ దగ్గర మిషన్ దడదడ కొట్టుకుంటోంది. ఎండలో గొట్టం కాలుతోంది.

"వదలొద్దు మామా, గట్టిగా పట్టుకో."

పట్టుకున్నాడు. పోయే బస్సులోంచి ఎవరో తెలిసినవాళ్లు కేకేశారు. "ఏమప్పా మారప్పా, ఎవురి బండికి గాలి తీసినావు?" అతను తల దించుకున్నాడు.

గాలి నిండింది. అల్లుడు జేబులోంచి మూత తీశాడు.

"ఇట్లియ్యి అల్లుడా, నేను పెడ్తా."

"వద్దులే మామా, చేతికి మసి అయితాది."

"పోనీ, మూత లేకుండా పోతే ఏమి?"

"దుమ్ము దూరదా? మూత ముఖ్యం మామా." అమర్‌నాథ్ దాన్ని తిప్పి తిప్పి బిగించాడు. ఒక్కొక్క తిప్పుకూ మారప్ప గుండె బిగుసుకుంది.

చెన్నేకొత్తపల్లి దగ్గర బండి మళ్లీ ఆగింది. మళ్లీ అల్లుడు చక్రం దగ్గర కూర్చున్నాడు. మళ్లీ సుయ్యి. బండిలో నాగజ్యోతి గోడ వైపు తిరిగి కూర్చుంది. భుజాలు అదురుతున్నాయి. ఏడుస్తోంది బిడ్డ!

ఇక తట్టుకోలేకపోయాడు మారప్ప. బండెక్కి అక్క కాళ్లు రెండూ పట్టుకున్నాడు.

"నేనే అక్కా! ఆ మూతలో రాయేసింది నేనే. నవ్వుకుందామని చేసినా. నీ నొప్పి యాదికే రాలేదు నాకు. సోమందేపల్లిలోనే చెప్పుంటే ఈ పాటికి ధర్మవరంలో ఉందుము. అల్లుడి ముందర సిగ్గయి నోరు మూసుకున్నా. ఇంగ చచ్చినా ఎవుర్నీ ఆట పట్టించను. చెప్పు తీసుకోని కొట్టక్కా."

అక్క అతని తల మీద చెయ్యి వేసింది. నాగజ్యోతి ఎట్లో గొంతు సర్దుకుంది.

"ఏడవద్దు నాయనా. డాక్టరుకే ఆలస్యమయిందంట, మూడు గంటలకు రమ్మని ఇందాకే ఫోన్ చేసినారు."

"నిజంగానా తల్లీ?" మారప్ప కళ్లు తుడుచుకున్నాడు. చేసిన తప్పు తన చేత్తోనే తీయాలని కిందికి దిగి, అల్లుడి చేతిలోని మూత తీసుకుని అరచేతిలో బోర్లించాడు. ఏమీ పడలేదు. చక్రానికి కొట్టి దులిపాడు. ఏమీ పడలేదు.

"యాడ పాయ అల్లుడా, రాయి?"

అమర్‌నాథ్ రెండో చేతిలోని అగ్గిపుల్లను వెనక్కి దాచుకుని ఆకాశం వైపు చూశాడు. కిటికీలోంచి శంకరమ్మ చెయ్యి బయటికి వచ్చింది. వేళ్లు కొంగు ముడిని విప్పుతున్నాయి.

"ఈ రాయి సోమందేపల్లిలోనే నా చేతికొచ్చింది తమ్ముడా."