మురికి కానివ్వకపోతే సరి

"ఆగమ్మా! ఆ చెప్పులతో ఎక్కకు" అని అరిచాడు కొడుకు.

తల్లి అప్పటికే కారు తలుపు తీసి ఒక కాలు లోపల పెట్టేసింది. ఒక చేతిలో బట్టల సంచి, ఇంకో చేతిలో అక్క కోసం కొన్న పండ్లు. పెట్టిన కాలు వెనక్కి తీసుకుని, "సరే, విప్పి చేత్తో పట్టుకుంటాలే. పద" అంది.

"ఇవాళ కాదు. నిన్ననే లోపలంతా దులిపి తుడిచాను. పెద్దమ్మ వాళ్ళ దారి నీకు తెలీదా? అంతా దుమ్మే."

"దుమ్ము పడితే కడుక్కుంటాం. నీళ్ళకేమైనా కరువొచ్చిందా?"

"ఆ కడిగే పని ఉండకూడదనేగా నా గోల! అసలు మురికి కానివ్వకపోతే సరి, శుభ్రం చేసే బాధే ఉండదు."

కొత్త కారు వచ్చిన దగ్గర్నుంచీ ఆ ఇంట్లో ఇదే పాట. బండి నీడలోనే పెట్టాలి. పొద్దున్నే మెత్తటి గుడ్డతో ఒక్క తుడుపు తుడిస్తే బకెట్టు ముట్టుకోనక్కర్లేదు. కాళ్ళ దగ్గర పాత దుప్పటి పరిస్తే, దాన్ని దులుపుకుంటే చాలు. లోపల తినకూడదు, తాగకూడదు. "ఇంత సేవ కన్నతల్లికి చేస్తే కాస్త పుణ్యమన్నా దక్కేది" అని ఆవిడ సణుగుతూనే ఉండేది.

కానీ ఇప్పుడు సణుగుడుతో పోయే సంగతి కాదు. అక్క మంచాన పడింది. ఇంటికి తీసుకెళ్ళిపొమ్మన్నారట డాక్టర్లు. ఆ మాటకి అర్థం తెలియనంత అమాయకురాలు కాదావిడ. ఊపిరుండగా అక్కని ఒక్కసారి కళ్ళారా చూసుకోవాలి, అంతే. ఫోన్ చేస్తే అక్క కూతురు ఎత్తి, "అమ్మ ఇప్పుడే పడుకుంది పిన్నీ" అంటుంది. ఎప్పుడు చేసినా ఇప్పుడే పడుకుని ఉంటుంది.

కొడుకునడిగితే ఒక వారం దుమ్ము, ఇంకో వారం వాన, ఆ పై వారం సీట్లకి కొత్త కవర్లు. ఆదివారం వస్తే మాత్రం పాలిష్ పెట్టించుకొస్తానని ఒక్కడే బండేసుకుని పోతాడు. సాయంత్రానికి కారు ఒళ్ళంతా దుమ్ము కొట్టుకుని తిరిగొస్తుంది.

"బ్రహ్మాండంగా పెట్టారురా పాలిష్! ఎక్కడెక్కడ బలాదూరు తిరిగొస్తావో గానీ, తల్లి ఎక్కితే మాత్రం నీ బండి మైలపడిపోతుంది" అని ఆవిడ దెప్పేది. వాడు గుడ్డ తీసుకుని బండి తుడవడం మొదలెట్టేవాడు.

ఇవాళ ఆవిడకి కడుపు మండిపోయింది. గుమ్మంలో నిలబడ్డ కోడలి మీదికి తిరిగింది.

"ఏమ్మా, మొన్న మీ తమ్ముడు బురద కాళ్ళతో ఎక్కి కూర్చున్నాడే, అప్పుడేమైంది ఈ శుభ్రం? నా అక్క దగ్గరికెళ్ళాలంటేనే గుర్తొస్తుందా?"

కోడలు ఏదో అనబోయింది. మొగుడి మొహం చూసి, మోగని కుక్కరు మోగిందంటూ లోపలికి జారుకుంది.

"నేనూ మా అక్కా ఒక్క కంచంలో తిన్నవాళ్ళంరా! బావ పోయినప్పుడు పిల్లని చంకనేసుకుని ఎక్కడికొచ్చింది? నా గుమ్మంలోకే కదా! కొత్తిల్లు, గోడలకి సున్నమింకా ఆరలేదు. ఆ పిల్లకేమో ఒళ్ళంతా గజ్జి. అయినా పొమ్మన్నానా? పెరట్లో రేకుల షెడ్డు ఖాళీ చేయించి, చాప వేయించి, మూడు పూటలా అన్నం అక్కడికే పంపాను. నీ చేతే పంపేదాన్ని, నీకేం గుర్తుంటుందిలే. నెల తిరక్కుండా తనే వెళ్ళిపోయింది. అభిమానం గల మనిషి!"

"గుర్తుందమ్మా" అన్నాడు కొడుకు. తుడిచిన అద్దాన్నే మళ్ళీ తుడుస్తూ కూర్చున్నాడు.

"ఇంకేం, ఆ కారునే కట్టుకుని ఊరేగు! నేను చచ్చినా ఎక్కను."

మర్నాడు కొడుకు ఆఫీసుకెళ్ళగానే ఆవిడ ఎవరికీ చెప్పకుండా బస్సెక్కింది. సీటు దొరకలేదు. కమ్మీ పట్టుకుని, కుదుపు కుదుపుకీ కొడుకుని తిట్టుకుంటూ, మధ్యమధ్యలో అక్క ప్రాణం నిలబెట్టమని దేవుణ్ణి వేడుకుంటూ వెళ్ళింది. దిగేసరికి మోకాళ్ళు చచ్చుబడిపోయాయి.

తలుపు తీసిన అక్క కూతురు కొయ్యబారిపోయింది.

"పిన్నీ! నువ్వా? అన్నయ్య ఏడీ?"

"వాడెందుకొస్తాడే? కారుకి దుమ్మంటుకోదూ!"

"అదేంటి? ఆదివారం ఆదివారం వస్తూనే ఉన్నాడుగా. అమ్మకి మందులు కూడా తనే తెస్తున్నాడు."

తల్లికి ఒక్క క్షణం ఏమీ బోధపడలేదు. వీడొచ్చి చూసిపోతూ, తననెందుకు ఆపినట్టు? ఇంటికెళ్ళాక వాడి పని చెబుదామనుకుని లోపలికి అడుగేసింది.

"ఉండు పిన్నీ, ఒక్కసారి అమ్మనడిగి..."

"అడిగేదేంటే? నా అక్కని నేను చూసుకోవడానికి నీ పర్మిషనా?" అని పిల్లని పక్కకి నెట్టి గదిలోకి వెళ్ళింది.

అక్క మంచంలో పుల్లలా ఉంది. కానీ కళ్ళు తెరిచే ఉన్నాయి, గుండె మీది దుప్పటి కదులుతూనే ఉంది. బతికే ఉంది! ఆవిడకి ఏడుపు తన్నుకొచ్చింది. పండ్ల సంచి కింద పడేసి, మంచం పట్టెమీద కూలబడి, అక్క చెయ్యి పట్టుకుంది.

"అక్కా, నేనే! ఎవరు తీసుకొచ్చినా తీసుకురాకపోయినా వచ్చేశాను, చూడు!"

అక్క చాలాసేపు ఆ మొహంలోకే చూసింది. పోల్చుకుంది. మెల్లగా చెయ్యి వెనక్కి లాక్కుని, గోడవైపు తిరిగింది.

"నిన్ను ఈ గుమ్మం తొక్కనివ్వనని నీ కొడుకు నాకు ఒట్టేశాడే."