నిమిషానికి ఆరే తెర

చోమా ఊళ్ళో కరెంటు పోయి తొమ్మిది గంటలైంది. తెల్లారేలోగా బడిపిల్లల మార్కులు పంపాలి. ల్యాప్‌టాప్‌లో చార్జింగ్ పదకొండు శాతమే ఉంది. టీచరు లుయాండో తెర వెలుగు బాగా తగ్గించింది. నిమిషంపాటు ఎవరూ ముట్టుకోకపోతే దానంతటదే ఆరిపోయేలా పెట్టి, చల్లారిన న్షిమా, మొక్కజొన్నపిండి ముద్ద, తినడానికి వంటగదిలోకి వెళ్ళింది.

పావుగంటకు వచ్చి చూస్తే తెర వెలుగుతూనే ఉంది.

విసుగ్గా చెల్లెలికి ఫోన్ చేసింది. "ఈ ల్యాప్‌టాప్ తెర ఆరి చావట్లేదే!"

"ముట్టుకుంటుంటే ఎలా ఆరుద్దక్కా? నీ పిల్లలేమో చూడు."

"వాళ్ళు నీ దగ్గరే పడుకున్నారు కదే."

లుయాండో ఫోన్ పెట్టేసింది.

భయపడే ఓపిక కూడా లేదు లుయాండోకి. ల్యాప్‌టాప్ ముందున్న ఖాళీ కుర్చీకి ఎదురుగా, తమవైపు పెద్దవాళ్ళ ముందు మర్యాదకి చేసినట్టే మోకాళ్ళు వంచి, అరచేతులు మెల్లగా చరిచింది.

"చార్జింగ్ అయిపోతోందండీ. కాస్త చెయ్యి తీయండి."

సరిగ్గా నిమిషానికి తెర ఆరిపోయింది.