ఫ్లైఓవర్ మీద ఆగిన కారు

డాష్‌బోర్డు వెనక ఎక్కడో కీచుమని శబ్దం మొదలైంది.

వెనక సీట్లో అత్తగారి వీపు నిమురుతున్న కోడలు ఒక్కసారిగా ముందుకు వంగింది.

“స్పీడు తగ్గించకండి!”

“ముందంతా బండ్లేనమ్మా. ఎలా పోనివ్వను?” అన్నాడు డ్రైవరు.

ఫ్లైఓవర్ ఎక్కుతున్న బండ్లన్నీ నత్తల్లా పాకుతున్నాయి. డ్రైవరు బ్రేకు మీద కాలు పెట్టాడు. కారు నెమ్మదించింది. ఇంజను ఒకసారి దగ్గి ఊరుకుంది. తాళం ఎన్నిసార్లు తిప్పినా ఉలుకూ పలుకూ లేదు.

అత్తగారికి మధ్యాహ్నం నుంచి ఆయాసం. ఇన్‌హేలర్ పీల్చినా తగ్గకపోయేసరికి కొడుకు క్యాబ్ పిలిచాడు. కోడలు ఆఫీసు నుంచి వచ్చింది వచ్చినట్టే ఎక్కి కూర్చుంది. ఆసుపత్రి ఇక్కడికి కనిపిస్తూనే ఉంది, ఫ్లైఓవర్ దిగితే ఎడమ పక్కన.

“ఏమైందయ్యా? పెట్రోలు చూసుకోలేదా?” ముందు సీట్లోంచి కొడుకు అడిగాడు.

డ్రైవరు తల తిప్పలేదు. తల నెరుస్తున్న మనిషి. చెవులు ఎర్రబడ్డాయి.

“పెట్రోలుంది సార్. ఫైనాన్సు వాళ్ళు ఆపేశారు.”

“ఆపేయడమేంటి? ఇక్కడెవరున్నారు?”

“వాళ్ళు రానక్కర్లేదు సార్. బండిలో చిన్న పెట్టె ఒకటి బిగించారు. వాయిదా లేటయితే ఆఫీసులో కూర్చునే ఆపేస్తారు. ముందది కీచుమంటుంది, బండి నెమ్మదించగానే ఇంజను ఆగిపోతుంది. గంటలో కట్టమని ఇందాక మెసేజీ వచ్చింది. మీ కిరాయి పడితే సరిపోతుంది, మిమ్మల్ని దింపగానే కట్టేద్దామనుకున్నా.”

కొడుక్కి ఒళ్ళు మండిపోయింది.

“వాయిదా కట్టలేనివాడివి బండి రోడ్డు మీదకి ఎందుకు తీశావు? మా అమ్మ ప్రాణం మీదకి తెచ్చావు కదయ్యా!”

వెనక నుంచి ఒకటే హారన్లు. బైకు మీద వెళ్తున్న కుర్రాడొకడు ఆగి మరీ తిట్టి పోయాడు.

“తప్పయిపోయింది సార్,” అన్నాడు డ్రైవరు. ఎవరితో అన్నాడో అతనికే తెలియదు. ఫైనాన్సు ఆఫీసుకి ఫోను చేసి స్పీకర్లో పెట్టాడు. మీ కాల్ మాకెంతో విలువైనదని ఒక ఆడగొంతు తియ్యగా చెప్పింది. తర్వాత సంగీతం మొదలైంది.

“ఎత్తరులెండి,” అంది కోడలు మెల్లగా. “దిగుదాం.”

అంబులెన్సుకి ఫోను చేస్తే, ఆ ట్రాఫిక్‌లో పైకి రావడానికి చాలాసేపు పడుతుందన్నారు. కోడలు రెక్క పట్టుకుని అత్తగారిని దింపింది. నాలుగడుగులు వేసేసరికి పెద్దావిడ పెదవులు నల్లబడ్డాయి. కొడుకు ఆమెను ఎత్తబోయాడు. నడుం పట్టేసి, పక్కనున్న గోడ పట్టుకుని నిలబడిపోయాడు.

డ్రైవరు చెప్పులు విడిచాడు. పెద్దావిడ ముందు మోకాళ్ళ మీద కూర్చుని వీపు చూపించాడు.

“పెద్దమ్మా, నా మెడ గట్టిగా పట్టుకోండి.”

కారుని అలాగే నడిరోడ్డు మీద వదిలేసి, ఆమెను మోసుకుంటూ బండ్ల సందుల్లోంచి దిగసాగాడు. కొడుకు ఆ చెప్పులు చేత్తో పట్టుకుని కుంటుతూ వెంట నడిచాడు.

కోడలు మాత్రం కారు వెనకే నిలబడి ఉంది. నంబరు ప్లేటు కేసే చూస్తోంది.

“నంబరు చూసుకున్నావా?” అరిచాడు భర్త. “ఆ ఫైనాన్సు వాళ్ళని వదలకూడదు. కంప్లయింటు ఇద్దాం.”

“గుర్తుంది,” అంది.

ఎమర్జెన్సీలో ఆక్సిజన్ పెట్టారు, ఇంజక్షన్ ఇచ్చారు. ఇంకాస్త ఆలస్యమైతే ఏం చెప్పలేకపోయేవాళ్ళమని డాక్టరమ్మ కొడుకు మీద కేకలేసింది. కొంతసేపటికి పెద్దావిడ మొహంలోకి కళ వచ్చింది. మాస్కు పక్కకి తప్పించి ఎవరి కోసమో వెతికింది.

డ్రైవరు గుమ్మం దగ్గరే ఉన్నాడు. చొక్కా వీపుకి అతుక్కుపోయింది. పాదాలు కమిలిపోయాయి.

కొడుకు చెప్పులు అతని కాళ్ళ దగ్గర పెట్టాడు. జేబులో ఉన్నదంతా తీసి అతని చేతిలో పెట్టబోయాడు.

“ఇంతెందుకు సార్? తెచ్చింది సగం దూరమేగా.”

“ఇందాక నోరు జారాను. మనసులో పెట్టుకోకు.”

“మీరన్నదాంట్లో తప్పేముంది సార్. కన్నతల్లి అలా ఉంటే ఎవరైనా అంటారు.” కోడలి వైపు తిరిగాడు. “ఈ అమ్మ ఒక్కతే నన్ను పల్లెత్తు మాట అనలేదు.”

కోడలు సరిగ్గానే ఉన్న దుప్పటిని మళ్ళీ సర్దింది.

“నూరేళ్ళు చల్లగా ఉండు బాబూ,” అంది పెద్దావిడ రొప్పుతూ. “ఆ బండి ఆపినవాళ్ళ చెయ్యి పడిపోను!”

“అంత మాట అనకండి పెద్దమ్మా. అక్కడ కూర్చునేవాళ్ళూ జీతానికి పనిచేసేవాళ్ళే. బండిలో ఎవరున్నారో వాళ్ళకి కనపడదు కదా.”

“నువ్వు మంచివాడివి కాబట్టి అలా అంటావు. ఏమ్మా, నువ్వు చెప్పు. వాళ్ళకి కళ్ళు లేవూ?”

కోడలు బ్యాగు అందుకుంది.

“మందులు తెస్తానత్తయ్యా,” అని గబగబా బయటకు నడిచింది. మందుల చీటీ ఇంకా ఎవరూ రాయనేలేదు.

వరండాలో గోడకి ఆనుకుని, అటూ ఇటూ పోయేవాళ్ళకి మొహం కనపడకుండా పైట అడ్డం పెట్టుకుంది. భర్త వచ్చి భుజం మీద చెయ్యి వేశాడు.

“గండం గడిచిందిగా, ఇంకా ఏడుపెందుకు?” అన్నాడు జాలిగా.

అత్తయ్యకి బాగోలేదని ఫోను రాగానే వెళ్తానని అడిగితే, ఆ రోజు ఆపాల్సిన బండ్ల టార్గెట్‌కి ఇంకొక్కటి తక్కువైంది, అది ముగించి వెళ్ళమన్నాడు మేనేజరు. బ్యాగు భుజాన వేసుకుని, కుర్చీలో కూడా కూర్చోకుండా, గంట గడువు పెట్టి ఈ కారు ఇంజను ఆపే బటన్ నొక్కి వచ్చింది తనే.