శివుడన్న కారు దిగలేదు

నంద్యాల నుంచి వచ్చిన కారు ఆళ్లగడ్డ పెళ్లిమండపం ముందు ఆగి పది నిమిషాలైంది. డ్రైవర్ కానుక పట్టుకొని లోపలికి పోయాడు. వెనక సీట్లో, పోయిన వారమే ఓడిపోయిన మాజీ ఎమ్మెల్యే వెంకటశివుడు మాత్రం కదలడం లేదు.

పెళ్లికూతురి తండ్రి మద్దిలేటి తలుపు లాగి చూశాడు. లోపల లాక్ పడి ఉంది.

“దిగు శివుడన్నా. తాళి కట్టే టైమయితాంది.”

వెంకటశివుడు వంచిన తల ఎత్తలేదు.

“మా ఊర్లో ఓట్లు తగ్గిన మాట నిజమేన్నా.” మద్దిలేటి అద్దానికి దగ్గరగా వంగాడు. “నీకెవరో చెప్పినట్టుండారు. నేను గూడా ఈసారి అవతలోళ్లకే గుద్దినా. ఇరవై ఏండ్లలో ఇదొక్కసారే. పిల్ల మొగం చూసన్నా దిగన్నా.”

అద్దం మెల్లగా దిగింది. జనానికి చెయ్యి ఊపాలి కాబట్టి, అద్దం దించడం ఆయనకు బాగా వచ్చు.

“అది తర్వాత మాట్లాడుకుందాం గానీ మద్దిలేటీ,” వెంకటశివుడు గొంతు తగ్గించాడు. “ఈ తలుపు లోపల్నుంచి యాడ తీస్తారప్పా? గన్‌మ్యాన్‌ను నిన్ననే వాపస్ పిలుచుకున్యారు. పదేండ్లుగా వాడే తీస్తాండె.”