ముప్పైకి పంతొమ్మిది

రెండు హెల్మెట్లు ఒకదాన్నొకటి గుద్దుకున్న చప్పుడుకు కొరీన్ చేతిలోని కాఫీ ఒలికింది. అమెరికన్ ఫుట్‌బాల్ ఆటలో బంతిని చంకలో ఇరికించుకుని పరుగెత్తుతున్న ఆమె కొడుకు, ఎనిమిదేళ్ళ వేడ్, మైదానం మధ్యలో వెల్లకిలా పడి ఉన్నాడు. వాణ్ణి పడగొట్టిన పిల్లవాడు అప్పుడే లేచి గంతులు వేస్తున్నాడు. వేడ్ లేవలేదు. ఆమె అంకెలు లెక్కపెట్టింది. అయిదు దగ్గర వాడు లేచి కూర్చుని, ఎవరో పిలిచినట్టు ఆకాశంకేసి చూశాడు.

కొరీన్ సున్నపు గీత దాటింది.

“గీత లోపలికి రాకూడదు కొరీన్!” అని కోచ్ అరిచాడు. ఆ కోచ్ ఆమె భర్త డ్వైట్.

“వీడింక ఆడడు. హెల్మెట్ తీసెయ్.”

“ఒక్క దెబ్బకేనా? పన్నెండేళ్ళు తిన్నాను నేను ఇలాంటివి. నాకేమైంది?”

“నేనూ అదే చూస్తున్నాను, ఏమైందా అని.”

మెట్ల మీద కూర్చున్న జనం గొల్లుమన్నారు. “డ్వైట్! పాలసీసా కూడా తెచ్చిందేమో అడుగు మీ ఆవిణ్ణి!” అని అక్కణ్ణించి ఎవరో పిల్లవాడి తండ్రి కేకేశాడు.

“తెచ్చాను, నీకే ముందు పడతాను!” అంది కొరీన్ వెనక్కి తిరగకుండా.

ఆట ఇంకా ఆరు నిమిషాలుంది. రెండు జట్లూ సమానంగా ఉన్నాయి. గెలిచినవాళ్ళకు ఫైనల్. వేడ్‌లా పరుగెత్తేవాడు డ్వైట్ జట్టులో మరొకడు లేడు.

డ్వైట్ దగ్గరికి వచ్చి గొంతు తగ్గించాడు. “మనమేమనుకున్నాం? నీ మాటా వద్దు, నా మాటా వద్దు, అంకె చెప్పాలి అనుకున్నాం. ఆ షరతు నువ్వు పెట్టిందే.”

నిజమే. ఆస్పత్రి ల్యాబులో పద్నాలుగేళ్ళుగా రక్తపరీక్షలు చేస్తున్న కొరీన్‌కు అభిప్రాయాల కంటే కొలతల మీద గురి ఎక్కువ. ఆటలు మొదలుకాక ముందే, ఆగస్టులో, పోటీలు నడిపే లీగ్ వాళ్ళు ప్రతి పిల్లవాడి జ్ఞాపకశక్తికీ నిలకడకీ ఒక పరీక్ష పెట్టి మార్కులు రాసి ఉంచుతారు. తలకు దెబ్బ తగిలితే మళ్ళీ అదే పరీక్ష. మొదటి దానికంటే ఒక్క మార్కు తగ్గినా వేడ్ ఆట మానెయ్యాలి. ఈ ఒప్పందం మీదనే ఆమె అనుమతి పత్రంలో సంతకం చేసింది.

లీగ్ నర్సు మిస్ ఓపల్ అట్టకు బిగించిన కాగితాలతో వచ్చింది. ఊళ్ళో సగం మంది మోకాళ్ళకు కట్లు కట్టిన ముసలావిడ. వేడ్‌ను బల్ల మీద కూర్చోబెట్టింది. డ్వైట్ కొడుకు ముందు మోకాళ్ళ మీద కూర్చుని, వాడి రెండు భుజాలూ పట్టుకున్నాడు.

“ఒరే, ఈసారి బుర్ర పెట్టి చెప్పాలి. విన్నావా?”

వేడ్ తలూపాడు.

“నువ్వు జరుగు డ్వైట్, పరీక్ష నీకు కాదు,” అంది మిస్ ఓపల్. “బంగారం, నేను చెప్పినవి మళ్ళీ చెప్పు. గొడుగు, ఇసుక, చెంచా, గుర్రం, కిటికీ.”

“గొడుగు... ఇసుక...” వేడ్ పెదవి కొరుక్కున్నాడు. “కిటికీ.”

“నెలల పేర్లు చివరినించి మొదటికి చెప్పు.”

“డిసెంబర్, నవంబర్, సెప్టెంబర్...”

“అక్టోబర్ ఏమైంది?” అంది కొరీన్.

“ఆగస్టులోనూ ఏదో నెల ఎగరగొట్టాడుగా,” అన్నాడు డ్వైట్.

“జట్టులో అందరి చొక్కాల నంబర్లూ అప్పజెప్పేవాడికి నెలలు రావా?”

“పరీక్షంటే బెదురు వాడికి. అచ్చం నా పోలిక.”

ఒంటికాలి మీద నిలబడమంటే వేడ్ మూడుసార్లు రెండో కాలు దించాడు. ప్రతిసారీ నాలుక పళ్ళ మధ్య బిగించి, మళ్ళీ మొదలుపెట్టాడు. తలనొప్పి లేదన్నాడు. కడుపులో తిప్పడం లేదన్నాడు. పరీక్ష కాగానే మంచినీళ్ళ పీపా దగ్గరికి వెళ్ళాడు.

రెఫరీ గడియారం చూసుకుంటున్నాడు. మిస్ ఓపల్ మార్కులు కూడి, కాగితాన్ని తల్లిదండ్రుల వైపు తిప్పింది.

“ముప్పైకి పంతొమ్మిది.” పై కాగితం ఎత్తి, ఆగస్టుది చూపించింది. “అప్పుడూ పంతొమ్మిదే. కాగితం ప్రకారం ఆడొచ్చు. ఆపైన మీ ఇష్టం.”

డ్వైట్ తన భార్య మొహంలోకి చూశాడు, అంతే.

కొరీన్ రెండు కాగితాలనూ పక్కపక్కన పెట్టుకుని తానే రెండుసార్లు కూడింది. ఒక్క మార్కు కూడా తేడా లేదు. ఆమె గుండె మాత్రం వద్దంటూనే ఉంది. కాని గుండెదడ రుజువు కాదు. ల్యాబుకు కొత్తగా చేరినవాళ్ళకు ఆమె నేర్పే మొదటి పాఠం అదే.

వేడ్ తిరిగి వచ్చాడు. ఆమె హెల్మెట్ తీసుకుని వాడి తలకు తొడిగింది. గడ్డం కింద పట్టీ తన చేతులతోనే బిగించింది.

“ఊఁ, వెళ్ళు.”

వేడ్ వెళ్ళబోతూ ఆగాడు. తండ్రి అటు తిరిగి ఉన్నాడో లేదో చూసుకుని, హెల్మెట్ ముందున్న కమ్ములు తల్లి చెవికి ఆనించాడు.

“అమ్మా, నాన్నకి చెప్పకు. ఆగస్టులో నాన్న కావాలనే తప్పులు చెప్పమన్నాడు, పెద్ద జట్టు అన్నలందరూ అలాగే చేస్తారట. ఇవాళ మాత్రం ఒక్కటి కూడా కావాలని తప్పు చెప్పలేదు,” అన్నాడు గర్వంగా. “ఈసారి చాలా ఎక్కువ వచ్చాయి కదూ?”